కజీమ్యెష్ దోల్నీలో అమ్మతో నాలుగు రోజులు

అమ్మ పోలండ్ వచ్చి రెండు నెలలైంది. క్రాకోవ్ చూపించాను, దాని పక్కనే ఉన్న వ్యెలీచ్కా ఉప్పు గని కూడా చూపించాను, ఆ గనిలో మెట్లు దిగి దిగి వచ్చాక అమ్మ మోకాళ్ళు వారం రోజులు అలిగి కూర్చున్నాయి. "ఇంక పెద్ద ఊళ్ళు వద్దే, ఎక్కడైనా చిన్న ఊరుంటే చూడు, నేను ఒకచోట కూర్చుంటాను, నువ్వు తిరిగి రా" అంది. వార్సాలో మా ఆఫీసులో ముగ్గుర్ని అడిగితే ఇద్దరు ఒకే పేరు చెప్పారు, కజీమ్యెష్ దోల్నీ. మూడో ఆయన కూడా అదే చెప్పి, "శని ఆదివారాల్లో మాత్రం వెళ్ళకు" అన్నాడు. సెలవు నాకు గురు, శుక్రవారాలే దొరికింది కాబట్టి గురువారం నుంచి ఆదివారం దాకా బుక్ చేశాను, అంటే ఆయన మాట సగం విన్నట్టు.

ముందు పేరు సంగతి. రాతలో చివర ఆర్, జెడ్ ఉంటాయి, పలకడం మాత్రం 'ష్' అని. దోల్నీ అంటే దిగువ. క్రాకోవ్ దగ్గర ఇదే పేరుతో ఇంకో ఊరు ఉండేది, ఇప్పుడది క్రాకోవ్‌లో ఒక పేట, అది నదికి ఎగువన ఉంది కాబట్టి ఇది దిగువ కజీమ్యెష్ అయింది. 12వ శతాబ్దంలో కజీమ్యెష్ అనే రాజు (న్యాయవంతుడని బిరుదు) ఇక్కడి పల్లెను క్రాకోవ్ దగ్గరి సన్యాసినులకు అగ్రహారం ఇచ్చినట్టు ఇచ్చేస్తే, వాళ్ళు దానికి రాజు పేరే పెట్టుకున్నారు. తర్వాత 14వ శతాబ్దంలో ఇంకో కజీమ్యెష్ వచ్చాడు, ఈయన 'మహా' కజీమ్యెష్, కోట కట్టించింది ఈయన కాలంలోనే. చాలామంది ఊరి పేరు కూడా ఈయనదే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి రోజు, గురువారం

వార్సా నుంచి నేరుగా బస్సులున్నాయి గానీ అమ్మకి బస్సు ప్రయాణం పడదు. అందుకని రైల్లో పువావీ దాకా వెళ్ళి, అక్కడ దిగి లోకల్ బస్సు పట్టుకున్నాం. రైలు ప్రయాణం దాదాపు గంటన్నర. రైల్లో వెళ్ళేవాళ్ళు 'పువావీ' అని కాకుండా 'పువావీ మియాస్తో' అనే స్టేషన్ చూసుకుని దిగండి, ఊరికి దగ్గరిది అదే. అక్కడి నుంచి కజీమ్యెష్ పన్నెండు పదమూడు కిలోమీటర్లు, నది పక్కనే రోడ్డు. పువావీలో ఒక ప్యాలెస్, దాని తోటలో 1801లో మొదలైన మ్యూజియం ఉన్నాయి, పోలండ్‌లో మొదటి మ్యూజియం అదే. లియొనార్డో డావించీ గీసిన ముంగిస లాంటి జంతువును పట్టుకున్న అమ్మాయి బొమ్మ కూడా ఒకప్పుడు పువావీలోనే ఉండేది, ఇప్పుడు క్రాకోవ్‌లో ఉంది. మేం తోటలోకి వెళ్ళలేదు, సూట్‌కేసు ఉందిగా.

ఆ సూట్‌కేసే మొదటి తలనొప్పి. గది బుక్ చేసినప్పుడు 'సెంటర్ నుంచి 10 నిమిషాలు' అని చూశాను, అది కొండ మీదికి 10 నిమిషాలని ఎక్కడా రాయలేదు. ఊరంతా గుండ్రాళ్ళు పరిచిన దారులు, చక్రాల పెట్టె లాగుతుంటే వీధంతా మోగింది, సగం దూరంలో ఒక చక్రం ఊడింది. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు గది ఎక్కడుందో మ్యాప్‌లో దూరం చూసి ఊరుకోకండి, ఎత్తు చూడండి. చివరికి ఇంటి ఓనరమ్మ, డెబ్బై ఏళ్ళుంటాయేమో, కిందికి దిగొచ్చి నా చేతిలోంచి పెట్టె లాక్కుని తనే మోసుకుపోయింది. వెనక అమ్మ "చూశావా, ఆవిడకి నాకంటే పెద్ద వయసు" అంది, ఆ మాట నాకు తగలాలనే.

సాయంత్రం నాలుగింటికి రీనెక్‌కి దిగాం. రీనెక్ అంటే ఊరి నడిబొడ్డున ఉండే సంత చౌకు, పోలండ్‌లో ప్రతి పాత ఊరికీ ఒకటుంటుంది. ఇక్కడిది చిన్నది, అందులోనూ చదునుగా లేదు, కొండ వైపు వాలుగా ఉంటుంది. మధ్యలో చెక్క పెంకుల పైకప్పుతో ఒక బావి. బావి అనగానే అమ్మ నేరుగా దాని దగ్గరికే వెళ్ళి గట్టు మీద కూర్చుంది, నాలుగు రోజులూ అదే తన సీటు.

రీనెక్‌కి ఒక పక్కన రెండు ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఈ ఊరి ఫొటోల్లో సగం వీటివే. 1615 ప్రాంతంలో ప్షిబివో అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు కట్టించుకున్నవి. ధాన్యం వ్యాపారంలో బాగా కలిసొచ్చినవాళ్ళు. పేర్లు మికోవాయ్, క్షిష్తోఫ్. ఎవరి ఇంటి మీద వాళ్ళ పేరున్న సాధువు నిలువెత్తు శిల్పం. దూరం నుంచి చూస్తే గోడ మొత్తం అలంకారాలే, చోటు ఖాళీగా కనబడితే ఏదో పాపమన్నట్టు చెక్కేశారు. క్షిష్తోఫ్ ఇంటి మీదున్న సాధువు భుజం మీద బాల యేసుని ఎత్తుకుని ఏరు దాటిస్తుంటాడు, చేతిలో ఊతకర్రగా ఏకంగా చెట్టు మాను. నదిని నమ్ముకుని బతికిన వ్యాపారికి ఇంతకంటే మంచి ఇలవేల్పు ఎవరుంటారు! పనితనం మాత్రం రాజుగారి శిల్పులది కాదు, చేతులు కాళ్ళు కొలతలు సరిగా కుదరలేదు, తల కాస్త పెద్దదైంది. నాకు అందుకే నచ్చింది, మన ఊళ్ళో గుడి గోపురాలకి రంగులేసే మేస్త్రీ చేసినట్టుంది.

చీకటి పడేసరికి చౌకులో పది మంది కూడా లేరు. ఊరి జనాభా దాదాపు 2,500, వాళ్ళలో ఎక్కువమంది పైన కొండల వైపు ఉంటారు. దీపాలు పసుపురంగువి, రాళ్ళ మీద తడి, ఎక్కడో ఒక కుక్క. కుక్క అంటే గుర్తొచ్చింది, చౌకు మూల మీద కంచు కుక్క బొమ్మ ఒకటుంది, దాని ముక్కు రాస్తే అదృష్టమట, వచ్చేపోయేవాళ్ళు రాసి రాసి ఒళ్ళంతా నల్లగా, ముక్కు మాత్రం బంగారంలా మెరుస్తోంది. అమ్మ కూడా రాసింది, ఎందుకైనా మంచిదని.

తిండి. అమ్మ గురు, శనివారాలు నీచు ముట్టదు, మిగతా రోజుల్లోనూ పంది, గొడ్డు మాంసం అసలే కుదరదు. పియెరోగీ అని మన కజ్జికాయ ఆకారంలో ఉడకబెట్టినవి ఉంటాయి, వాటిలో 'రుస్కియె' అన్న రకంలో బంగాళాదుంప, విరిగిన పాల ముద్ద పెడతారు. శాకాహారమే కదా అని ఆర్డరిస్తే పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లి తెచ్చే చోట్లున్నాయి. "బెజ్ స్క్వారెక్" (కొవ్వు ముక్కలు వద్దు) అని ముందే చెప్పాలి, పోలండ్‌లో నేను 'జెన్ దోబ్రి' (నమస్కారం) తర్వాత నేర్చుకున్న రెండో మాట ఇదే. అమ్మ సంచిలోంచి ఆవకాయ సీసా తీసింది. వెయిటర్ కుర్రాడు అదేంటని అడిగి, చిటికెడు నోట్లో వేసుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండో రోజు, శుక్రవారం

పొద్దున్నే పెద్ద చర్చికి వెళ్ళాం, చౌకు పక్కనే మెట్ల మీద ఉంటుంది, ఫారా అంటారు. ఇక్కడి ఆర్గాన్ 1620 నాటిది, దేశంలోని అతి పాత ఆర్గాన్లలో ఒకటి, ఇప్పటికీ వాయిస్తున్నారు, వేసవిలో కచేరీలు కూడా పెడతారు. మేం వెళ్ళినప్పుడు ఎవరో ప్రాక్టీసు చేస్తున్నట్టున్నారు, ఒకే వరస మళ్ళీ మళ్ళీ, మధ్యలో ఆగి, మళ్ళీ మొదట్నుంచి. అమ్మ చివరి బెంచీలో చెప్పులు విప్పేసి కూర్చుంది. తలెత్తితే పైనుంచి దుప్పి తలా కొమ్ములతో చేసిన దీపగుత్తి వేలాడుతోంది, చర్చిలో దుప్పి కొమ్ములేంటని అమ్మ రెండుసార్లు అడిగింది. "నువ్వు పైకి పో, నేను ఇక్కడే వింటాను" అంది, సరే అని నేను కొండెక్కాను.

చర్చి వెనకనుంచే దారి. ముందు కోట వస్తుంది, పైకప్పు లేని తెల్లరాయి గోడలు. ఇక్కడి కొండల్లో దొరికే సున్నపురాయి అది, చర్చీ, ఇళ్ళూ, కోటా అన్నీ దాంతోనే కట్టారు, అందుకే ఊరంతా ఒకే రంగులో కనబడుతుంది. 1650ల్లో స్వీడన్ సైన్యం పోలండ్ మీద పడినప్పుడు ఈ ఊరిని దోచి తగలబెట్టారు. ఆ తర్వాత ఊరు మళ్ళీ పూర్వంలా లేవలేదు. నాకు అనిపించిందేంటంటే, ఊరు ఇంత పాతగా మిగిలిందంటే దానికి కారణం ఆ పేదరికమే, మళ్ళీ డబ్బొచ్చి ఉంటే ప్షిబివో అన్నదమ్ముల ఇళ్ళు ఎప్పుడో పడగొట్టి కొత్తవి కట్టేసి ఉండేవాళ్ళు.

కోటకి కాస్త పైన గుండ్రటి బురుజు ఉంది, అది కోటకంటే పాతది. ఎత్తు దాదాపు 20 మీటర్లు, గోడ మందం 4 మీటర్లు, తలుపు నేల మీద కాదు, ఆరు మీటర్ల ఎత్తున ఉంది. శత్రువు వస్తే నిచ్చెన పైకి లాగేసుకోవడమే. నదిలో పడవలకి దీపస్తంభంగా కూడా వాడారట. లోపల చెక్క మెట్లు. పైకెక్కితే నది రెండు వైపులా కనబడుతుంది. మనం పుస్తకాల్లో విస్తులా అని చదువుకున్న నదిని ఇక్కడ వీస్వా అంటారు, క్రాకోవ్, వార్సా రెండూ దీని ఒడ్డునే ఉన్నాయి. పై నుంచి చూస్తే ఇసుక తిన్నెలు, మధ్యలో గడ్డి లంకలు, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెలియని పాయలు. ఎండాకాలం గోదారి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పక్క కొండ మీద మూడు పెద్ద చెక్క సిలువలు. 1708లో మహమ్మారి వచ్చి ఊళ్ళో జనం పోయినప్పుడు వాళ్ళ గుర్తుగా నిలబెట్టినవి. ఎక్కడానికి దుంగలు అడ్డంపెట్టిన మట్టి మెట్లు, చిన్న టికెట్టు ఉంది. ఊరి మొత్తానికి మంచి ఫొటో ఇక్కడి నుంచే వస్తుంది: ఎర్ర పెంకులు, చర్చి, వెనక నది. అమ్మ అక్కడ లేకపోవడమే మంచిదైంది, దిగేటప్పుడు నేనే రెండుసార్లు జారాను.

మధ్యాహ్నం ఇద్దరం నది గట్టు మీద నడిచాం, ఇది చదునైన దారి, బెంచీలున్నాయి, పెద్దవాళ్ళకి ఊరంతట్లో ఇదే సుఖం. గట్టు వెంటా పువావీ రోడ్డు వెంటా అక్కడక్కడా పెద్ద పెద్ద రాతి కట్టడాలు, ముందువైపు గోపురంలా తీర్చిన గోడలు. చూస్తే చర్చిలేమో అనిపిస్తుంది. కావు, ధాన్యం కొట్లు. 16, 17వ శతాబ్దాల్లో ఈ చుట్టుపక్కల పండిన గోధుమ, రై అనే ఇంకో ధాన్యం అంతా ఇక్కడికి బళ్ళ మీద వచ్చేది, కొట్లలో నిలవ చేసి, నీళ్ళు బాగా ఉన్నప్పుడు పడవల్లో, తెప్పల్లో బాల్టిక్ సముద్రం ఒడ్డున గదాన్‌స్క్ దాకా పంపేవాళ్ళు, అక్కడి నుంచి ఓడల్లో హాలండ్ వైపు. తెప్ప నడిపేవాళ్ళని ఫ్లిసాక్ అంటారు. సరుకు దిగాక తెప్పని కూడా విప్పి కలపగా అమ్మేసేవాళ్ళట. "తెచ్చిన బుట్ట కూడా అమ్ముకోవడమన్నమాట" అంది అమ్మ. వాళ్ళ తాతగారు కాలవ మీద ధాన్యం పడవలు నడిపినవాళ్ళే, అందుకని కొట్ల కిటికీలు ఎందుకంత చిన్నవో, ఎలకల సంగతేంటో, తేమ ఎలా ఆపుతారో తనే నాకు చెప్పుకుంటూ వచ్చింది, నా చేతిలో ఉన్న గైడు పుస్తకంలో ఇవేవీ లేవు. ఇప్పుడు ఆ కొట్లలో కొన్ని హోటళ్ళు, ఒకదానిలో ప్రకృతి మ్యూజియం.

సాయంత్రం బేకరీ. కజీమ్యెష్ అంటే పోలండ్‌లో ఎవరికైనా గుర్తొచ్చేది రొట్టె కోడిపుంజు. గుడ్డు పూసి కాల్చిన మెరిసే గోధుమ రంగు రొట్టె, తోక, జుట్టు, కన్ను అన్నీ పిండితోనే. కథేంటంటే, ఒకప్పుడు ఒక దెయ్యం ఈ కొండల్లో మకాం పెట్టి, కోడిపుంజుల రుచి మరిగి, ఊళ్ళో పుంజులన్నీ తినేసిందట, చివరికి ఒక్కటి మిగిలింది, అది దాక్కుంది. ఈలోపు సన్యాసులు దెయ్యం గుహలో పవిత్ర జలం చల్లారు, తిరిగొచ్చిన దెయ్యం ఉండలేక పారిపోయింది. ఆ మిగిలిన పుంజుకి గౌరవంగా ఈ రొట్టె. ఈ పుంజు ఆకారం మీద హక్కు ఎవరిదన్న గొడవ కోర్టుల దాకా వెళ్ళింది కూడా, దెయ్యంతో తేలిక గానీ బేకరీలతో కాదు. నేను ఆఫీసులో షోకేసులో పెట్టుకుందామని పెద్ద పుంజుని కొన్నాను. ఇప్పుడే చెప్తున్నా, రుచి మామూలు తియ్య బన్ను రుచే.

మూడో రోజు, శనివారం

మా ఆఫీసాయన చెప్పింది నిజం. పదింటికల్లా చౌకులో కాలు పెట్టే చోటు లేదు. టూరు బస్సులు, మోటారు సైకిళ్ళ గుంపులు, పెళ్ళి ఫొటోలు తీయించుకునే జంట, ఐస్‌క్రీమ్ లైను, గోడలకి ఆనించి అమ్ముతున్న బొమ్మలు. బొమ్మలకీ ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది, 1920, 30ల్లో వార్సా ఫైన్ ఆర్ట్స్ ప్రొఫెసర్ తదేవుష్ ప్రుష్కోవ్‌స్కీ ప్రతి వేసవీ విద్యార్థుల్ని ఇక్కడికి తెచ్చి ఆరుబయట గీయించేవాడు, అప్పట్నుంచి చిత్రకారులు రావడం ఆగలేదు. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ సూర్యాస్తమయాలే, అదీ ఈ నదివి కావేమో అనిపించింది. బావి గట్టు మీద అమ్మ సీటు ఎవరో ఆక్రమించారు. టాయిలెట్ దగ్గర కూడా లైనే, కొత్తవాళ్ళకి ఒక మాట: తలుపు మీద గుండ్రం ఉంటే ఆడవాళ్ళకి, త్రికోణం ఉంటే మగవాళ్ళకి. మేం తెలుసుకున్న పద్ధతి చెప్పను.

మెలెక్స్ ఎక్కాం. గోల్ఫ్ బండి లాంటి కరెంటు బండి, చౌకు దగ్గరే దొరుకుతాయి, బేరం ముందే మాట్లాడుకోవాలి. కోజెనియోవీ దూవ్ అనే చోటికి పోనిమ్మన్నాం, వేర్ల గొయ్యి అని అర్థం. ఈ కొండలన్నీ లోయస్ అనే పసుపు మట్టి, మంచు యుగంలో గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న దుమ్ము. ముట్టుకుంటే శనగపిండిలా మెత్తగా ఉంటుంది, కానీ నిలువుగా కోసినా గోడలా నిలబడుతుంది. వందల ఏళ్ళు బళ్ళు నడిచి నడిచి, వాన కోసుకుపోయి, దారి భూమిలోకి దిగిపోయింది. ఇప్పుడు రెండు వైపులా తలకి చాలా ఎత్తున మట్టి గోడలు, పైన చెట్లు, ఆ చెట్ల వేర్లు గోడలోంచి బయటికొచ్చి గాల్లో వేలాడుతున్నాయి. కొన్ని నా చెయ్యంత లావు, కొన్ని జడలా అల్లుకుని మళ్ళీ కిందెక్కడో మట్టిలోకి దూరాయి. కింద నిలబడి చూస్తే చెట్టుకి ఇంత పని భూమి లోపల ఉందా అనిపిస్తుంది. అమ్మ ఒక వేరు పట్టుకుని ఊగి చూసింది, కదల్లేదు. ఎదురుగా వస్తున్న పోలిష్ పిల్లాడు ఆవిడని చూసి తనూ ఊగాడు, వాళ్ళమ్మ వాణ్ణి తిట్టింది. దారి చిన్నదే, ఒక కిలోమీటరు కూడా ఉండదు. ఇలాంటివి ఊరి చుట్టూ బోలెడున్నాయి, యూరప్‌లోనే ఇంత దగ్గరదగ్గరగా గండ్లు పడిన చోట్లు తక్కువట. వాన పడిన రోజు మాత్రం వెళ్ళకండి, ఆ శనగపిండి సబ్బు అయిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు డ్రైవర్ని చెర్నియావీ దగ్గర దింపమన్నాను. ఊరి బయట, రోడ్డు పక్కనే, అడవి మొదలయ్యే చోట ఒక గోడ కనబడుతుంది. యూదుల శ్మశానం.

ఈ ఊరి గురించి ఇంతవరకూ చెప్పినదాంట్లో సగం మనుషుల్ని వదిలేశాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ ఊళ్ళో దాదాపు సగం మంది యూదులు. చౌకు వెనక చిన్న చౌకు ఒకటుంది, అక్కడున్న చెక్క కొట్లు వాళ్ళ మాంసం దుకాణాలు, దాని పక్కనే 18వ శతాబ్దం నాటి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. జర్మన్లు వచ్చాక ముందు వాళ్ళని ఘెట్టోలో, అంటే యూదుల్ని విడిగా నిర్బంధించిన పేటలో పెట్టారు, 1942లో అందర్నీ ఊళ్ళోంచి తరలించి చంపే శిబిరాలకి పంపేశారు. వాళ్ళ సమాధి రాళ్ళు కూడా వదల్లేదు. పీకి తెచ్చి, తమ ఆఫీసు పెట్టుకున్న సన్యాసుల మఠం ముంగిట్లో నడవడానికి పరిచారు.

యుద్ధం తర్వాత దొరికిన ఆ రాళ్ళ ముక్కలతోనే 1984లో ఈ గోడ కట్టారు. కొన్ని వందల ముక్కలు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి. గోడకి పై నుంచి కింది దాకా ఒక పగులు, కావాలనే వదిలిన పగులు, అందులోంచి అవతలి అడవి కనబడుతుంది. దగ్గరికెళ్ళి చూశాం. ఒక రాయి మీద రెండు చేతులు, వేళ్ళు విప్పి ఆశీర్వదిస్తున్నట్టు, అది పూజారి వంశం వాళ్ళదట. ఒకదాని మీద నీళ్ళ కూజా. ఒకదాని మీద కొవ్వొత్తులు, అది ఆడమనిషి సమాధి, శుక్రవారం సాయంత్రం ఇంట్లో దీపం పెట్టేది ఆవిడే కదా. విరిగిన చెట్టు కొమ్మ ఉంటే చిన్న వయసులో పోయినట్టు. అమ్మకి హీబ్రూ రాదు, నాకూ రాదు, కానీ ఈ బొమ్మలు చదవడానికి భాష అక్కర్లేదు. కొవ్వొత్తులున్న రాయి దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. గోడ అంచుల మీద వచ్చినవాళ్ళు పెట్టిన చిన్న చిన్న గులకరాళ్ళు. మేమూ చెరొకటి పెట్టాం. వెనక అడవిలోకి కాస్త ఎక్కితే విరగని రాళ్ళు కొన్ని చెట్ల మధ్య ఇంకా నిలబడే ఉన్నాయి, నాచు పట్టి. మేమున్న అరగంటలో ఇంకెవరూ రాలేదు, చౌకులో ఆ సమయానికి వెయ్యిమంది ఉండుంటారు.

ఊళ్ళోకొచ్చి సినగాగ్ చూశాం. యుద్ధంలో పాడైన దాన్ని 1950ల్లో మళ్ళీ కట్టి సినిమా హాలు చేశారు, చాలా ఏళ్ళు అక్కడ సినిమాలాడాయి. ఇప్పుడు యూదు సంఘం చేతికి తిరిగొచ్చింది, లోపల పాత ఫొటోల ప్రదర్శన ఉంది. పాత చౌకు ఫొటో ఒకటుంది, బావి అదే, ఇళ్ళు అవే, చుట్టూ గడ్డాలు, నల్ల కోట్లు. నాకు గురువారం రాత్రి ఖాళీగా కనబడిన చౌకు గుర్తొచ్చింది.

బయట ఒక కొట్లో ఉల్లిపాయ ముక్కలు, గసగసాలు చల్లి కాల్చిన చదును రొట్టె కొన్నాం. త్సెబులాష్ అంటారు, లూబ్లిన్ ప్రాంతపు రొట్టె, 2014లో యూరప్ వాళ్ళ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లూబ్లిన్‌లో యూదు రొట్టెలవాళ్ళు మొదలుపెట్టిందే. అమ్మకి పుంజుకంటే ఇదే నచ్చింది. శనివారం కూడా తినొచ్చు.

ఏడింటికి చివరి టూరు బస్సు పోయింది, ఎనిమిదింటికి బావి గట్టు ఖాళీ అయింది. అందుకే చెప్తున్నా, శనివారం వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళకి ఈ ఊళ్ళో దక్కేది ఐస్‌క్రీమ్ లైనే. ఒక్క రాత్రైనా ఉండండి. ఆ పూటకి మంచినీళ్ళూ, పండ్లూ కూడా కొని పెట్టుకోండి, పోలండ్‌లో చాలా ఆదివారాలు పెద్ద షాపులు చట్టప్రకారం మూసేస్తారు.

నాలుగో రోజు, ఆదివారం

పొద్దున్న గంటలు మోగుతుంటే లేచాం. నది దాటి అవతల యానోవియెత్స్ అనే ఊరికి, అక్కడి కోట చూడ్డానికి వెళ్ళాలని ముందే అనుకున్నాం. ఊరికి దక్షిణాన నది దగ్గర రేవు, అక్కడ పంటు. పడవో ఫెర్రీయో అని రాయొచ్చు గానీ చూడగానే అమ్మ నోట్లోంచి వచ్చిన మాట పంటే: "ఇదేంటే, మన సఖినేటిపల్లి పంటు!" అమ్మ పుట్టిల్లు సఖినేటిపల్లి, మెట్టినిల్లు నర్సాపురం, మధ్యలో వశిష్ఠ గోదారి. కార్లూ సైకిళ్ళూ మనుషులూ అందరూ ఒకే బల్లపరుపు రేకు మీద, ఎదురుగా ఇసుక, టికెట్టు నిలబడే కొడతారు. తేడా అల్లా మేకలు లేవు. ఇది చలికాలం నడవదు, నది మరీ తగ్గిపోయినా ఆపేస్తారు, అందుకని ముందురోజే రేవు దగ్గర కనుక్కోండి. దాటడం కొద్ది నిమిషాలే. అమ్మ రెయిలింగ్ పట్టుకుని ముందు నిలబడి, పెళ్ళైన కొత్తలో పుట్టింటికి వెళ్ళేటప్పుడు చివరి పంటు తప్పిపోయి రేవులో రాత్రంతా కూర్చున్న కథ చెప్పింది. ముప్పై నాలుగేళ్ళలో నేనెప్పుడూ వినలేదు దాన్ని.

అవతల రేవు నుంచి ఊరు రెండు కిలోమీటర్లకి పైమాటే, కోటకి మళ్ళీ ఎక్కాలి. మాకు ఒక కారువాళ్ళు చెయ్యి ఎత్తకుండానే ఆపి ఎక్కించుకున్నారు, అమ్మ చీర చూసి. కోట 16వ శతాబ్దంలో ఫిర్లే అనే జమీందారీ కుటుంబం మొదలుపెట్టింది, ఇప్పుడు సగం శిథిలం, సగం బాగుచేశారు. బయట గోడల మీద ఎర్రటి తెల్లటి అడ్డ చారలు, మన గుడి ప్రహరీ గోడల్లా. చారలు నిలువుగా ఉండి ఉంటే అమ్మ దణ్ణం పెట్టేదే. దీని కథలో నాకు నచ్చింది చివరి యజమాని. 1931లో ఒకాయన ఈ శిథిలాన్ని కొనుక్కున్నాడు. తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి జమీలూ మేడలూ అన్నీ లాగేసుకున్నా ఇది మాత్రం ఆయన దగ్గరే మిగిలింది, పైకప్పు లేని గోడలు ఎవరిక్కావాలి! 1975లో ఆయనే మ్యూజియానికి అమ్మాడు. అన్నేళ్ళూ పోలండ్‌లో ఒక మనిషి సొంతానికి కోట ఉన్నది ఇక్కడేనంటారు.

పైనుంచి కజీమ్యెష్ ఎదురుగా కనబడదు, నది కాస్త వంపు తిరుగుతుంది, కొండల వరసా, తెల్లరాతి క్వారీ కనబడతాయి. క్వారీకి కుడివైపు మియెంచ్‌మియెష్ అని చిన్న పల్లె ఉంది, ఒకప్పుడు తెప్పలవాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళూ ఉన్న ఊరు, గడ్డి కప్పుల ఇళ్ళు, ఒక గాలిమర ఇంకా ఉన్నాయి. దాని ఎదురుగా నదిలో ఒక ద్వీపం, క్రోవియా వీస్పా, అంటే ఆవుల లంక. లంక అన్నమాటకి పోలిష్‌లో వీస్పా అని అమ్మకి చెప్పాను, ఇది మాత్రం ఒక్కసారికే గుర్తుపెట్టుకుంది. పల్లెకి నడిచి వెళ్ళాలని ఉంది గానీ టైము సరిపోలేదు, వెళ్ళేవాళ్ళు కజీమ్యెష్ నుంచి పూటంతా పెట్టుకోండి.

నాలుగింటికి తిరిగొచ్చి, గది ఖాళీ చేసి, ఊడిన చక్రం పెట్టెని ఓనరమ్మా నేనూ చెరో పక్క పట్టుకుని కిందికి దించాం. ఆవిడ అమ్మకి ఒక సీసా రేగుపండ్ల లాంటి వాటి జామ్ ఇచ్చింది, అమ్మ ఆవిడకి మిగిలిన ఆవకాయ సగం వేరే గిన్నెలో వేసి ఇచ్చింది. ఏం చేసుకుంటుందో మరి.

బస్టాండులో అసలు సినిమా. ఆదివారం సాయంత్రం వార్సా వెళ్ళే జనమంతా అక్కడే. పువావీ బస్సు మా ముందే నిండిపోయి వెళ్ళిపోయింది, తర్వాతది గంటకి. రైలు పోతుందేమోనని నాకు టెన్షన్, ఫోన్‌లో టైములు చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాను. అమ్మ తాపీగా పెట్టె మీద కూర్చుని, ఒళ్ళో కాగితం పరిచి, సంచిలోంచి ఆఫీసు షోకేసు కోసం కొన్న పుంజుని తీసింది. "ఆకలేస్తోందే" అని దాని తోక విరిచి, ఆవకాయలో అద్ది, ముందు నాకే ఇచ్చింది.